గోరు తగలని నేల

ఆయన ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల మొహం చూడడు, నేల చూస్తాడు. చూసి "ఛీ" అంటాడు. ఇంటివాళ్ళు కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చి, పిల్లల చదువుల గురించి చెప్పుకొస్తుంటే ఈ పెద్దమనిషి చూపు మాత్రం సోఫా కింద రెండు టైల్స్ మధ్య ఎత్తుపల్లం మీదే ఉంటుంది. "ఎవడు వేశాడిది? కళ్ళు మూసుకుని వేశాడా?" అని మొహం మీదే అడిగేస్తాడు. అందుకే టైల్స్ పనివాళ్ళందరూ ఆయన్ని ఛీ మేస్త్రీ అనేవాళ్ళు. ఆ పేరు ఆయనకూ తెలుసు. కోపం తెచ్చుకున్నాడా అంటే అదీ లేదు. ఛీ అనిపించుకునే పని చేసేవాళ్ళు ఇంతమంది ఉన్నప్పుడు, అనేవాడు ఒక్కడైనా ఉండొద్దా అనేవాడు.

అన్నందుకు ఆయన పనీ అలాగే ఉండేది. టైలుకూ టైలుకూ మధ్య సందు కంటికి ఆనకూడదు. అంచులు అరగదీసి, వాలుందేమోనని రసమట్టం పెట్టి చూసి, పక్కపక్కన ఒత్తి, ఉన్న కాస్త సందులోకీ అదే రంగు పొడి కలిపి నింపేవాడు. ఆరాక నేలమీద కూర్చుని, బొటనవేలి గోరుతో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గీసుకుంటూ పోయేవాడు. గోరు ఎక్కడైనా తగిలిందా, ఆ టైలు లేపెయ్యాల్సిందే. ఇంటివాళ్ళు "పోన్లే మేస్త్రీ, దానిమీద బీరువా వస్తుంది, ఎవరు చూస్తారు?" అన్నా వినేవాడు కాదు. "బీరువా చూస్తుంది" అని లేపేసేవాడు.

ఇక సొంత ఇంటి సంగతి చెప్పక్కర్లేదు. కింద బావమరిది, పైన తను, ఇద్దరూ కలిసి కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు. పై అంతస్తులో వీధి గుమ్మం నుంచి హాలు, హాల్లోంచి పడగ్గది, పడగ్గదిలోంచి బాత్రూం తలుపు దాకా ఒకటే తెలుపు. పాలు ఒలికి అలాగే గడ్డకట్టాయా అన్నట్టు ఉంటుంది. ఎక్కడ ఒక టైలు అయిపోయి ఎక్కడ ఇంకోటి మొదలయిందో వేసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. బావమరిదీ మేస్త్రీయే. తాపీ పట్టుకోవడం ఈయన దగ్గరే నేర్చుకున్నాడు. కొత్త పని ఒప్పుకునేటప్పుడు ఆ ఇంటివాళ్ళని తీసుకొచ్చి, చెప్పులు బయట విప్పించి, ఈ నేల చూపించేవాడు. "మా బావ పని" అనేవాడు. కింద తన ఇంట్లోకి మాత్రం ఎవరినీ రానిచ్చేవాడు కాదు.

రానిస్తే పని పోతుంది. వాడింట్లో నేలంతా అక్కడా ఇక్కడా పనుల్లో మిగిలిపోయిన టైల్స్. ఒక వరస ఎరుపు, దాని తర్వాత వరస తెలుపు, ఆ తర్వాత ఏ హోటల్లో మిగిలిందో ముదురు ఆకుపచ్చ. మధ్యలో వేలు పట్టేంత సందులు, వాటి నిండా నల్లటి సిమెంటు. మేస్త్రీ ఆ నేల మొదటిసారి చూసిన రోజు అన్నం ముట్టలేదు. అప్పటినుంచీ కిందికి దిగినా బయట మెట్టు మీదే కూర్చుని మాట్లాడేవాడు తప్ప లోపల కాలు పెట్టేవాడు కాదు. "దానిమీద నడిస్తే నా కాళ్ళకు చీము పడుతుంది" అనేవాడు. బావమరిది నవ్వేసేవాడు. నవ్వేవాడే గాని ఆ నవ్వు కళ్ళదాకా వచ్చేది కాదు.

అలాంటి మనిషికి జబ్బు వచ్చి వచ్చి కాళ్ళకే వచ్చింది.

మొదట చెయ్యి కాస్త వణికింది. వయసన్నారు. తర్వాత రాసే అక్షరాలు చీమల్లా చిన్నవయ్యాయి. కళ్ళన్నారు. ఆ తర్వాత ఒకనాడు పడగ్గది గుమ్మం ముందు నిలబడిపోయాడు. తడి సిమెంటులో కాళ్ళు పెట్టి మరిచిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. పైన ఒళ్ళు ముందుకు పోతానంటోంది, మడమలు లేచి గజగజలాడుతున్నాయి, పాదాలు మాత్రం నేలని వదలవు. పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి పార్కిన్సన్స్ అన్నాడు. మెదడు పంపే కబురు కాళ్ళకు సరిగా అందటం లేదన్నాడు. మాత్రలు రాశాడు. మాత్రలతో వణుకు తగ్గింది, గుమ్మం దగ్గర అతుక్కుపోవడం మాత్రం తగ్గలేదు.

"నడవండి" అనేది భార్య.

"నడుస్తున్నా."

"ఎక్కడ నడుస్తున్నారు? నిలబడ్డారుగా!"

"నేను నడుస్తూనే ఉన్నానే. ఈ దిక్కుమాలిన కాళ్ళే నడవటం లేదు."

ఆమె చెయ్యి పట్టుకుని లాగేది. లాగితే ఒళ్ళు వచ్చేది, కాళ్ళు వచ్చేవి కావు. అప్పుడు ఇద్దరూ తూలి గోడకు గుద్దుకునేవాళ్ళు. తొందరపెట్టేకొద్దీ ఇంకా బిగుసుకుపోయేవాడు. బాత్రూం తలుపు దగ్గరయితే మరీ ఘోరం. అవతల పని ముంచుకొస్తూ ఉంటుంది, ఇవతల పాదాలు పట్టిన పట్టు వదలవు. కిందికి చూసుకుంటే తన కాళ్ళే తనకు రోత పుట్టించేవి. ఎవరివో రెండు కాళ్ళు తెచ్చి తనకు అంటించి పోయినట్టు, వాటిని కోసి అవతల పారెయ్యాలన్నంత కంపరం. "థూ, మీరూ ఒక కాళ్ళేనా" అని పళ్ళు నూరేవాడు.

ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే అమ్మాయి ఒకతె ఉంది. సన్నగా, రివటలా ఉంటుంది, గొంతు మాత్రం బస్టాండు మైకు. ఆ అమ్మాయి వరండా నేలమీద అడుగడుగుకీ అడ్డంగా పసుపు రంగు టేపు అంటించింది. "గీత దాటండి తాతగారూ! నడవాలని అనుకోకండి. గీత దాటాలి, అంతే!" అంది. ఆయన మొహం చిట్లించుకుని కాలెత్తాడు. లేచింది. దాటాడు. రెండో గీతా దాటాడు. వరండా చివరిదాకా వెళ్ళాడు. భార్య కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. నేరుగా చూపు ఆనేలా ఏదైనా అడ్డంగా ఉంటే కాలు లేస్తుందట, మెట్లు ఎక్కగలగటమూ అందుకేనట, ఇంట్లో కూడా ఇలాగే అంటించమని ఆ అమ్మాయి చెప్పింది.

ఇంటికి రాగానే భార్య అదే పని చేసింది. మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా తెల్లటి నేలమీద పసుపు టేపు. మేస్త్రీ కుర్చీలో కూర్చుని చూశాడు. ఆసుపత్రి నేల అయితే ఎవడేం అంటించినా ఆయనకు పోయేదేం లేదు. ఇది తన నేల. రెండు రోజులకి టేపు అంచులకి దుమ్ము పట్టింది. తడిగుడ్డ తగిలి చివరలు పైకి చుట్టుకున్నాయి. ఆ జిగురుకి వెంట్రుకలు, నూలుపోగులు, ఒక చచ్చిన చీమ. ఆయనకి వెన్నులోంచి జలదరింపు వచ్చింది. టేపు మీంచి నడుస్తూనే ఉన్నాడు, నడిచిన ప్రతిసారీ ఆ చీమకేసి చూసి ఛీ అంటూనే ఉన్నాడు. మూడోనాడు ఆమె బజారుకి వెళ్ళినప్పుడు నేలమీద చతికిలబడి, గోటితో గీరి గీరి మొత్తం పీకేశాడు. జిగురు మరకలు కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు.

ఆమె వచ్చి చూసి సంచీ అక్కడే వదిలేసింది.

"మీకు నేల ముఖ్యమా, నేను ముఖ్యమా?"

ఆయన గుడ్డతో ఇంకో మరక తుడిచాడు. అదే జవాబని ఆమెకి అర్థమైంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి అర్థం కాకుండా ఉంటుందా?

ఆ వారంలోనే జరగాల్సింది జరిగింది. పొద్దున్నే, ఎండ అప్పుడే కిటికీలోంచి నేలమీద పడుతున్న వేళ, బాత్రూం తలుపు ముందు కాళ్ళు బిగుసుకుపోయాయి. "ఏమేవ్!" అని కేకేశాడు. ఆమె పరిగెత్తుకొచ్చి చంకల కింద చేతులు వేసి లాగింది. "ఒక్క అడుగండీ, ఒక్కటే, ఇదిగో తలుపు!" అంది. తలుపు చేతికి అందేంత దూరంలోనే ఉంది. వెచ్చగా తొడల వెంబడి జారుతున్నప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి తెల్లటి నేలమీద అది ఒక అంచున ఆగకుండా, ఒక సందులో ఇంకకుండా, నున్నగా నాలుగు వైపులా పాకుతోంది. నీళ్ళు ఏ ఒక్క వైపుకీ వాలకుండా అంత సమంగా వేసినవాడు తనే.

ఆమె బకెట్టు తెచ్చింది. మొహం పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టి తుడిచింది. బిగబట్టిందని ఆయన చూశాడు.

"రోతగా ఉందా?" అన్నాడు.

"ఉంది" అంది ఆమె. గుడ్డ పిండుతూ, తలెత్తకుండా. "ఎందుకుండదూ? నేను మనిషిని కానా? రోజూ నడవండీ నడవండీ అని అరిచి అరిచి నా గొంతు నాకే రోతగా ఉంది. ఆ టేపు పీకేసినందుకు మిమ్మల్ని చూస్తే ఇంకా రోతగా ఉంది."

చేతులు కడుక్కుని వచ్చి అలమార్లోంచి ఒక ప్యాకెట్టు తీసి మంచం మీద పెట్టింది. పెద్దవాళ్ళ డైపర్లు. ప్యాకెట్టు మీద తెల్లజుట్టు ముసలాయన ఒకడు, లాటరీ తగిలినట్టు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"రేపట్నుంచి ఇవి. ఇక నావల్ల కాదు" అంది.

మేస్త్రీ ఆ నవ్వే ముసలాడి వంక చూశాడు. ఒళ్ళు భగ్గుమంది. తనకి ఇది వేసి, తీసి, కడిగి, మళ్ళీ వేసి! చంటిపిల్లాడయితే ముద్దొస్తాడు, తనలో ముద్దొచ్చేది ఏముంది? ఇది ఒక్కసారి నడుముకి చుట్టారంటే మళ్ళీ విప్పేది పాడె ఎక్కేముందే. బాత్రూంకి తన అంతట తను వెళ్ళి, తలుపు వేసుకుని, తన పని తను చేసుకుని రావడం: అంతకు మించి ఈ లోకంలో ఆయనకి ఇప్పుడు ఇంకే కోరికా లేదు. అది కూడా పోతే ఇక తను ఉన్నా లేనట్టే.

"నేను పోతున్నా" అన్నాడు.

"ఎక్కడికి పోతారు? ముందు గుమ్మం దాటండి చూద్దాం."

గోడ పట్టుకుని, అంగుళం అంగుళం ఈడ్చుకుంటూ, హాలు దాటేసరికి చొక్కా తడిసిపోయింది. వీధి గుమ్మానికి ఎత్తైన గడప ఉంది. దాన్ని చూడగానే కాలు దానంతట అదే లేచింది. మెట్లయితే చకచకా దిగేశాడు. కింద అలవాటైన మెట్టు మీద కూలబడ్డాడు. కుళాయి దగ్గర బావమరిది తాపీ కడుక్కుంటున్నాడు.

"ఏం బావా, అక్కతో గొడవా?"

"మీ అక్కకి నేనంటే అసహ్యం పుట్టింది."

"ఇప్పుడా? ఆలస్యంగా పుట్టిందే!" అని నవ్వబోయి, బావ మొహం చూసి ఆపేశాడు. వెళ్ళి రెండు గ్లాసుల టీ తెచ్చాడు.

టీ పూర్తి కాకుండానే మేస్త్రీకి మళ్ళీ వచ్చింది. పైకి పోవాలంటే మెట్లు ఫరవాలేదు, ఆ తర్వాత హాలు, పడగ్గది, రెండు గుమ్మాలు. చచ్చినా పోలేడు. గ్లాసు పక్కన పెట్టి అటూ ఇటూ చూశాడు. బావమరిదికి అర్థమైపోయింది.

"లోపలికి రా బావా. నేరుగా వెళ్తే చివర బాత్రూం. ఈ ఒక్కసారికి నా నేల ఓర్చుకో."

ఇక గత్యంతరం లేదు. మేస్త్రీ లోపలికి వెళ్ళాడు. వెళ్తూ అలవాటు చొప్పున నేల చూశాడు. ఎరుపు వరస, నల్లటి సందు, తెలుపు వరస, నల్లటి సందు, ఆ దరిద్రపు ఆకుపచ్చ. ఇది వంకర, ఇది లేచింది, ఇది మూల విరిగింది, ఛీ ఛీ, ఈ సందు చూడు, ఎలుక దూరొచ్చు. ఆ నల్లటి సందుల మీద కాలు పడటం కూడా ఇష్టంలేక ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ, మనసులో వాణ్ణి తిట్టుకుంటూ, బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

పని అయ్యాక గాని తను నడిచొచ్చినట్టు ఆయనకి తెలియలేదు.

తలుపు తీసి, అవే సందులు దాటుకుంటూ బయటికి వచ్చేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. వెనకాలే దిగొచ్చింది. మొత్తం చూసింది. మొహం ఎర్రబడిపోయింది.

"ఓహో! ఇక్కడ బాగానే నడుస్తున్నారే! పెళ్ళికొడుకులా టకటకా వచ్చేస్తున్నారు! పైన మాత్రం గుమ్మం దగ్గర కొయ్యలా నిలబడి నాచేత తుడిపిస్తారా? ఏం పాపం చేశాను నేను? నాతోనే నాటకమా?"

"నాటకం కాదే..."

"మరి ఇదేంటి? కళ్ళారా చూశాగా!"

నాటకం! ఆయనకి తల కొట్టేసినట్టయింది. ప్యాంటు తడుపుకుని నాటకం ఆడేవాడు ఎక్కడైనా ఉంటాడా? మళ్ళీ నేలకేసి చూశాడు. ఆసుపత్రి వరండాలో పసుపు గీతలు. ఇక్కడ నల్ల గీతలు. పైన ఏ గీతా లేదు. ఉన్నవాటిని కూడా గోటితో గీరి పీకేసిన ఘనుడు తనే.

"నువ్వు ఊరుకోవే" అన్నాడు భార్యతో. బావమరిది చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, పైకి రా."

ముగ్గురూ పైకి వెళ్ళారు. పడగ్గది గుమ్మం ముందు మేస్త్రీ కాళ్ళు యథాప్రకారం అతుక్కుపోయాయి. మడమలు కొట్టుకుంటున్నాయి. బావమరిది వంగి ఆ పాదాలనే చూశాడు. కిందింట్లో తన ఆకుపచ్చ వరస దాటిన పాదాలు ఇవేనా అన్నట్టు చూశాడు.

"చూశావా? ఇప్పుడు చెప్పు, నాటకమా?" అన్నాడు మేస్త్రీ భార్యతో. "ఒరేయ్, కింద నీ ఇంట్లో ఉన్న గీతలు నాకు ఇక్కడ కావాలి. మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా కోసి, అడ్డపట్టీలు వెయ్యి."

బావమరిది రెండడుగులు వెనక్కి వేశాడు. "చస్తే వెయ్యను! ఈ నేలని కోయమంటావా? దీన్ని చూపించి నేను బతికాను బావా. దీనిమీద సుత్తి పడితే నా చెయ్యి విరిగిపోదూ? టేపు అంటిద్దాం."

"టేపు రోత."

"పోనీ ఇంకెవరినైనా పిలు. నేను మాత్రం ముట్టుకోను."

"ఒరేయ్, ఇలా చూడు." మేస్త్రీ ఈ మాట చెప్పకూడదనుకున్నాడు, ఈ నోటితో వీడికి చెప్పకుండానే చావాలనుకున్నాడు. "పొద్దున ఇక్కడే, ఇదిగో ఈ నేలమీదే, నిలబడి పోసుకున్నాను. మీ అక్క ఊపిరి బిగబట్టి తుడిచింది. అదిగో ఆ ప్యాకెట్టు, రేపట్నుంచి అది కట్టుకోమంటోంది. నువ్వు నేలని చూసి ఏడుస్తున్నావు. నన్ను చూడు."

బావమరిది మంచం మీద ప్యాకెట్టు చూశాడు, అక్క మొహం చూశాడు. ఆమె చూపు తప్పించి కిటికీ వైపు తిరిగింది. వాడు కిందికి వెళ్ళి కోత మిషను తెచ్చాడు.

కోస్తున్నంతసేపూ మేస్త్రీ హాల్లో చెవులు మూసుకుని కూర్చున్నాడు. మిషను పళ్ళు తెల్లటి టైల్స్‌లో దిగుతుంటే ఆ చప్పుడు ఆయన దంతాల్లో వినపడింది. ఇల్లంతా తెల్లటి దుమ్ము. ఎవరో తన శవాన్ని ముక్కలు చేస్తుంటే పక్కన కూర్చుని చూస్తున్నట్టుంది. బావమరిది ఆ రోజంతా, మర్నాడంతా లోపలే ఉన్నాడు. అన్నానికి పిలిచినా రాలేదు. అతుకులు ఆరాక మూడోనాడు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"చూడు బావా."

మేస్త్రీ ఈడ్చుకుంటూ వెళ్ళి చూశాడు. వాడు ఎక్కడ దాచి ఉంచాడో ఏమో, తెలుపులో తెలుపు, కాస్త మీగడ రంగు కలిసిన పట్టీలు. అడుగడుగుకీ ఒకటి, దారం పట్టినట్టు సూటిగా, అసలు నేలలోనే పుట్టినట్టు కలిసిపోయి ఉన్నాయి. మేస్త్రీ గోడ పట్టుకుని మెల్లగా కిందికి దిగి కూర్చున్నాడు. వణికే చేత్తో బొటనవేలు ఆనించి గీశాడు. ఒక పట్టీ, రెండో పట్టీ, చివరిదాకా పాక్కుంటూ వెళ్ళి, అలాగే మంచం దాకా వెనక్కి వచ్చాడు. గోరు ఎక్కడా తగల్లేదు.

"బాగుంది" అన్నాడు.

"ఏమన్నావు?"

"బాగుందన్నాను. చెవుడా?"

"అక్కా!" అని పెద్దగా కేకేశాడు బావమరిది. "అక్కా, ఇలా రావే! బావ బాగుందన్నాడు!" జుట్టు నెరిసిన మనిషి, మొహమంతా సున్నంలా దుమ్ము, ఆ దుమ్ములోంచి కన్నీళ్ళు చారలు కట్టాయి. మేస్త్రీకి వాణ్ణి చూసి మొదటిసారి ముద్దొచ్చింది. వెంటనే తనమీద తనకే చిరాకేసింది.

"ఏడుపాపి నన్ను లేవదియ్."

లేచి నిలబడ్డాడు. మంచం దగ్గర్నుంచి బయల్దేరాడు. మొదటి పట్టీ కోసం చూశాడు. ఎక్కడుందో తెలుసు, వేలితో తడిమి చూసిందే. కానీ నిలబడి చూస్తే కంటికి అంతా ఒకటే తెలుపు. పాదాలు బిగుసుకున్నాయి. కాలెత్తమని తిట్టాడు, బతిమాలాడు, మళ్ళీ తిట్టాడు. లేవలేదు. భార్య చెయ్యి అందించబోతే విదిలించాడు.

బావమరిది మొహం పాలిపోయింది.

"ఒరేయ్, నాకు కనపడటం లేదురా" అన్నాడు మేస్త్రీ. "కనపడకుండా వెయ్యడం నేర్పింది నేనే. నేర్చుకున్నావు. ఇది నాకు పనికిరాదు. పగలగొట్టెయ్. కింద నీ ఇంట్లో వేసుకున్నావే, అలా వెయ్యి."

"దానిమీద నడిస్తే కాళ్ళకు చీము పడుతుందన్నావు కదా?"

"పడనీ. అదే కావాలి."

బావమరిది చేతిలో గుడ్డ నేలకేసి కొట్టాడు. అంత కోపం వాడిలో ఉందని అక్కకే తెలియదు. "ఇన్నేళ్ళు నేనేం చేసినా ఛీ అన్నావు. నలుగురిలో అన్నావు, నా పెళ్ళాం ముందు అన్నావు. బతుకులో ఒక్కసారి బాగుందన్నావు, దాన్ని నా చేత్తోనే పగలగొట్టమంటున్నావు. నువ్వసలు మనిషివేనా బావా?"

"కాదు" అన్నాడు మేస్త్రీ. "మనిషినయితే నా అంతట నేను బాత్రూంకి పోయేవాణ్ణి."

బావమరిది వంగి, సుత్తీ ఉలీ తీసుకుని, రెండు రోజులు పురుడు పోసినట్టు పోసుకున్న పట్టీలని ఒక్కొక్కటే పగలగొట్టాడు. ఈసారి మేస్త్రీ హాల్లోకి పోలేదు. మంచం మీద కూర్చుని ప్రతి దెబ్బా చూశాడు. కింద మిగిలిన ఎరుపు ముక్కలు, ఆ హోటలు ఆకుపచ్చ ముక్కలు పైకి వచ్చాయి. వాటి చుట్టూ నల్ల సిమెంటు పూశాడు. కొలత లేదు, దారం లేదు, మట్టం లేదు. కోపంలో చేసిన పని కోపంలాగే ఉంది. ఒక పట్టీ ఇటు వాలింది, ఇంకోటి అటు వంగింది, ఒకదాని అంచు దెబ్బ తగిలిన పెదవిలా ఉబ్బింది.

"కడుపు నిండిందా?" అన్నాడు బావమరిది, పని అయ్యాక.

సిమెంటు ఆరేదాకా మంచం పక్కన బకెట్టుతో గడిపారు. ఆ బకెట్టు భార్య పారబోసింది, ఆయన గోడకేసి తిరిగి పడుకున్నాడు. డైపర్ల ప్యాకెట్టు విప్పలేదు, అలాగని తీసి దాచనూ లేదు. అది మంచం చివరే ఉంది, ఆ ముసలాడు నవ్వుతూనే ఉన్నాడు.

ఆరిందని బావమరిది చెప్పాక మేస్త్రీ లేచాడు. భార్య ఒక పక్క, వాడు ఒక పక్క నిలబడ్డారు. "ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు. తల వంచి చూశాడు. మొదటి పట్టీ, ఎర్రటిది, చీదర పుట్టేంత ఎర్రగా కళ్ళలోకి దూసుకొచ్చింది. ఛీ, అనుకుని కాలెత్తి దాటాడు. ఆకుపచ్చది దాటాడు. ఆ ఉబ్బిన అంచుని చూసి వెన్ను జలదరించింది, దాన్నీ దాటాడు. తలుపు దగ్గరికొచ్చేసరికి ఎప్పట్లా కాళ్ళు ఆగబోయాయి. అక్కడ అన్నిటికంటే లావుగా, అన్నిటికంటే వంకరగా ఒక నల్ల గీత ఉంది. అది ఎంత అసహ్యంగా ఉందంటే ఒక్క క్షణం కూడా దాని ముందు నిలబడబుద్ధి కాలేదు. దాటి లోపలికి వెళ్ళాడు.

తలుపు వేసుకుని గడియ పెట్టాడు.

"గడియ పెట్టకండీ! పడితే ఎవరు తీస్తారు?" అని భార్య తలుపు కొట్టింది.

"పడితే పడతా. నువ్వవతలికి పో."

"అదికాదండీ..."

"పొమ్మన్నానా? ఇది కూడా నువ్వు చూడాలా?"

ఆమె పోలేదు. పోలేదని ఆయనకి తెలుసు, తలుపు కింది సందులోంచి ఆమె కాళ్ళ నీడ కనపడుతోంది. కూర్చున్నాడు. ఎవరి చెయ్యీ చంకలో లేదు, ఎవరూ మొహం తిప్పుకుని ఊపిరి బిగబట్టలేదు. పని అయ్యాక కూడా చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు. బయట నీడ కదలకుండా ఉంది. ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది. తనే నీళ్ళు పోసి, తనే చేతులు కడుక్కుని, గడియ తీశాడు.

గుమ్మంలో నిలబడి చూస్తే గది మొత్తం ఒక్కసారి కనపడింది. తెల్లటి నేలకి అడ్డంగా పుళ్ళు లేచినట్టు ఆ పట్టీలు. ఇక ఏ ఇంటివాళ్ళూ చెప్పులు విప్పి ఈ గదిలోకి రారు. వచ్చినా వేసినవాడి మొహాన ఉమ్మేసి పోతారు. మేస్త్రీకి నోట్లో పుల్లటి నీళ్ళూరాయి. మింగేశాడు. బావమరిది చేతులు కట్టుకుని, ఎప్పుడూ పడే ఆ ఛీ కోసమే ఎదురుచూస్తున్నట్టు తల వంచుకుని నిలబడ్డాడు.

"ఇంత రోత పని నా జన్మలో చూడలేదురా" అన్నాడు మేస్త్రీ.

"తెలుసు బావా."

"హాలు కూడా కొట్టెయ్. వీధి గుమ్మం దాకా, ఇలాగే."